వసంతంలో ఏటి మడుగు



ఉగాదికి ముందు వచ్చే అమావాస్యని మా అనకాపల్లిలో కొత్త అమావాస్య అంటాం. నూకాలమ్మ తల్లి జాతర ఆ రోజుల్లో మొదలై నెల్లాళ్ళు సాగుతుంది. అప్పటికి చెరకు చాలామటుకు నరికేసి ఉంటారు. బెల్లం సీజను ఆఖరికొస్తుంది. ఊరి పక్క శారదా నది కూడా అప్పటికి సన్నబడిపోతుంది. హైవే వంతెన మీంచో రైలు వంతెన మీంచో చూసేవాళ్ళకి ఇసుకా, తుంగా, మధ్యమధ్య కాస్త నీటి మెరుపూ కనిపిస్తాయి. ఏరు ఎండిపోయిందనుకుంటూ దాటిపోతారు. ఎండలేదండీ. మలుపుల దగ్గర, రాతికట్టల కింద, పాత రేవుల దగ్గర మడుగులు కట్టి ఉంటుంది. ఏటి చేపంతా ఆ మూడు నాలుగు నెలలూ ఆ మడుగుల్లోనే తలదాచుకుంటుంది. వాన పడేదాకా దానికి మరో చోటు లేదు. ఈ వేళ నేను మాట్లాడబోయేది ఆ మడుగుల గురించి.

దానికి ముందు మిమ్మల్ని కొంచెం దూరం తీసుకెళ్ళాలి. అమెరికాలో సియాటిల్ చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మీ ఇంటి పిల్లలు కూడా అక్కడ ఉండి ఉండవచ్చు. ఆ ఊరికి తూర్పున కాస్కేడ్ కొండలు దాటితే యాకిమా అనే నది వస్తుంది. మంచు కరిగి పారే చల్లటి నది, ట్రౌట్ చేపకి పేరు పడ్డ నది. మార్చి, ఏప్రిల్ నెలల్లో, కొండ మీది మంచు పూర్తిగా కరిగి వరద దిగకముందే, అక్కడ పడవల్లో దిగువకి సాగిపోతూ గాలాలు వేస్తారు. పొద్దున్న ఒక రేవులో ఎక్కితే సాయంత్రానికి ఎన్నో మైళ్ళ దిగువన ఇంకో రేవులో దిగుతారు.

ఆ పడవ నడిపే తీరు చూడవలసిందే. అడుగు చదునుగా, రెండు కొసలూ పైకి లేచి ఉంటుంది. నడిపే మనిషి మధ్యలో దిగువ వైపు ముఖం పెట్టి కూర్చుని, తెడ్లని ఎగువకి లాగుతుంటాడు. పడవని ముందుకి తోసే పని నీళ్ళే చూసుకుంటాయి. దాన్ని నిదానించడం ఒక్కటే ఆయన పని. పడవ, నీళ్ళు, ఎర మూడూ ఒకే వేగంతో సాగాలి. దారం కొంచెం లాగిందంటే ఎర నీటి మీద గీత గీస్తూ పోతుంది. ట్రౌట్ దాన్ని చూసి అడుగుకి తప్పుకుంటుంది. ఆ ఎర కూడా తినే వస్తువేమీ కాదు. చిన్న కొక్కేనికి కోడి ఈకా, దారమూ చుట్టి నీటిపురుగు ఆకారంలో కట్టిన బొమ్మ. దానికి బరువే ఉండదు కాబట్టి మన గాలంలాగా సీసం గుండు కట్టి విసరలేరు. బరువంతా దారంలోనే ఉంటుంది. పొడవాటి సన్నని కర్రని వెనక్కీ ముందుకీ ఊపి, ఆ లావుపాటి దారాన్ని గాల్లో బారుగా చాపి, కొసనున్న ఈకబొమ్మని నీటి మీద మెల్లగా వాలుస్తారు. ఫ్లై ఫిషింగ్ అంటే ఇదే. 1496లో ఇంగ్లండులో అచ్చయిన ఒక పుస్తకంలోనే ఈ పురుగు బొమ్మలు ఎలా కట్టాలో, ఏ నెలకి ఏ బొమ్మ పనికొస్తుందో రాసి పెట్టారు.

నెల నెలకీ బొమ్మ మారడానికి కారణం నది అడుగున ఉంది. రాళ్ళ కింద పురుగులు పిల్లదశలో నెలల తరబడి బతికి, వసంతంలో నీళ్ళు కాస్త వెచ్చబడగానే పైకి వచ్చి, రెక్కలు తొడుక్కుని ఎగిరిపోతాయి. ఏ వారం ఏ పురుగు లేస్తుందో తెలిసినవాడికి చేప దొరుకుతుంది. అందుకే అక్కడి వేటగాళ్ళు పడవెక్కే ముందు వంగి ఒక రాయి తిప్పి చూస్తారు.

అది అక్కడి వింత మాత్రమే అనుకోకండి. ఈసారి అనంతగిరి వైపు వెళ్ళినప్పుడు ఏదైనా కొండగెడ్డలో పాదం లోతు నీళ్ళలోకి దిగి, ఒక పలకరాయి మెల్లగా ఎత్తి అడుగు భాగం చూడండి. మూడు సన్నటి తోకలున్న చదునైన పురుగు ఒకటి రాతిని కరుచుకుని పక్కకి జారుతుంది. దాని పొట్టకి రెండు వైపులా మొప్పలు అల్లల్లాడుతుంటాయి. ఆ పక్కనే ఇసుక రేణువుల్ని తన నోటి పట్టుదారంతో ఒకదానికొకటి అతికించి గొట్టం కట్టుకుని, అందులో ఒదిగి తల మాత్రమే బయటపెట్టే ఇంకో పురుగు కనబడుతుంది. కొండ చేపలకి కూడు అదే. నీళ్ళలో మురుగు కలిసినా, రాళ్ళ సందులు బురదతో పూడినా అన్నిటికంటే ముందు మాయమయ్యేవీ అవే. రాయి చూశాక మళ్ళీ ఉన్నట్టే పెట్టేయండి, అది వాటి ఇల్లు.

యాకిమా సంగతి ఇంకొంచెం చెప్పాలి. ఆ నది ఎగువ భాగంలో పట్టిన ట్రౌట్‌ని ఇంటికి తీసుకెళ్ళకూడదు. వదిలేయాలి. వసంతంలో రెయిన్‌బో ట్రౌట్ గులకరాళ్ళ మధ్య గుంట తవ్వి గుడ్లు పెట్టి, మళ్ళీ గులకతో కప్పుతుంది. తోకతో ఊడ్చిన చోట గులకకి పట్టిన నాచు పోయి, ఆ మేర తెల్లగా కనిపిస్తుంది. తెలిసిన వేటగాడు నీళ్ళలో దిగినా అక్కడ అడుగు వేయడు, చుట్టు తిరిగి పోతాడు. ఆ నది ఎగువన సాగునీటి కోసం కట్టిన ఆనకట్టల వల్ల సాకై అనే సాల్మన్ జాతి అక్కడి సరస్సులకి వెళ్ళే దారి మూసుకుపోయి, ఆ చేప ఆ లోయలో లేకుండా పోయింది. 2009లో యాకమా తెగవాళ్ళు, ఆ నేల మీది మొదటి మనుషులు, వేరే చోటి నుంచి సాకైలని తెచ్చి క్లి ఎలమ్ సరస్సులో వదలడం మొదలుపెట్టారు. తమ తాతలు తిన్న చేపని మనవలకి తిరిగి తెచ్చిపెట్టాలన్న పట్టుదల అది. దాన్ని తలచుకున్నప్పుడల్లా నాకు వాళ్ళకి చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

ఆ దేశంలోనే మోంటానా రాష్ట్రం ఇంకో పాఠం నేర్పింది. మాడిసన్ నదిలో ఏటేటా హేచరీలో పెంచిన ట్రౌట్‌ని వదిలేవారు. డిక్ విన్సెంట్ అనే మత్స్యశాస్త్రవేత్త కొన్నేళ్ళు లెక్కలు తీసి చూస్తే, పెంపుడు చేపని వదలడం ఆపిన చోట నదిలో పుట్టి పెరిగిన చేప ఎక్కువైంది. వదిలిన చోట తగ్గింది. దాంతో 1974లో ఆ రాష్ట్రం ట్రౌట్ నదుల్లో పెంపుడు చేపని వదలడం మానేసింది. నీళ్ళు చల్లగా, అడుగు శుభ్రంగా, గుడ్లు పెట్టే చోటు భద్రంగా ఉంటే చేప తనంతట తానే పెరుగుతుందని వాళ్ళకి అలా రుజువైంది.

మన దేశానికి ట్రౌట్ వచ్చింది తెల్లవాళ్ళతో. సొంత ఊళ్ళ ఏళ్ళని మరిచిపోలేక గుడ్లని మంచులో పెట్టి ఓడల మీద తెప్పించుకున్నారు. కశ్మీరులో 1900 ప్రాంతంలో అవి నిలదొక్కుకున్నాయి. కులు లోయకి 1909లో చేరాయి. మన పాత మద్రాసు ప్రెసిడెన్సీలో నీలగిరుల మీద 1863లోనే ఫ్రాన్సిస్ డే అనే వైద్యుడు ప్రయత్నించి సాధించలేకపోయాడు. 1900 దాటాక విల్సన్ అనే ఆయన అవలాంచిలో హేచరీ కట్టి రెయిన్‌బో ట్రౌట్‌ని నిలబెట్టాడు. ఇప్పుడు హిమాచల్‌లో తీర్థన్ లాంటి నదుల మీద ట్రౌట్ వేటకి మార్చి నుంచి అనుమతి ఇస్తారు. నవంబరు నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా, చేప గుడ్లు పెట్టే కాలమని, గాలం వేయనివ్వరు.

మరి మన లంబసింగిలో చలికాలం గడ్డ కట్టేంత చలి పుడుతుంది కదా, మన గెడ్డల్లో ట్రౌట్ ఎందుకు బతకదని మీరు అడగవచ్చు. చేపకి డిసెంబరు ఒక్కటే చాలదు, మే నెల కూడా దాటాలి. నీళ్ళు 20 డిగ్రీలు దాటితే ట్రౌట్‌కి ఆకలి మందగిస్తుంది. 25 దగ్గరికొస్తే ప్రాణం నిలవడమే కష్టం. నీళ్ళు వెచ్చబడే కొద్దీ వాటిలో కరిగి ఉండే ప్రాణవాయువు తగ్గిపోతుంది. లంబసింగి ఎత్తు వెయ్యి మీటర్లు. అవలాంచి రెండు వేలు దాటిన ఎత్తు. తేడా అక్కడుంది. తెలంగాణలో రంగారెడ్డి జిల్లా కందుకూరు మండలంలో ఈమధ్య ట్రౌట్ పెంపకం మొదలుపెట్టారు. అది యంత్రాలతో నీళ్ళు చల్లబరిచి, శుద్ధి చేసి, అవే నీళ్ళని తిప్పి తిప్పి వాడే ట్యాంకుల్లో. ఏటికీ దానికీ సంబంధం లేదు.

మన కొండలకి వాటి చేప వేరే ఉంది. మహశీర్.

1873లో హెన్రీ సలివాన్ థామస్ అనే మద్రాసు సివిల్ సర్వీసు అధికారి భారతదేశంలో గాలం వేట మీద ఒక పెద్ద పుస్తకం మంగళూరులో అచ్చు వేయించాడు. మహశీర్ గురించి ఆయన పుటలకి పుటలు రాశాడు. విలాయతు సాల్మన్ కంటే ఇదే మొనగాడని తేల్చాడు. మహశీర్ ప్రవాహానికి ఎదురు ఈదే చేప. దవడలకి పళ్ళుండవు, గొంతులో ఉంటాయి. పెదాల పట్టు ఎంతటిదంటే నాసిరకం గాలాన్ని నలిపి పారేస్తుంది. పెద్ద చేపకి పొలుసులు అరచేతిని కప్పేంత ఉంటాయి. రాతి నేలా, గులకా, తేట నీళ్ళూ ఉన్నచోటే బతుకుతుంది. వానాకాలంలో వరదకి ఎదురెక్కి, ఎగువ పాయల్లో గులక మీద గుడ్లు పెడుతుంది. నీళ్ళు తీశాక మళ్ళీ లోతు మడుగులకి దిగుతుంది.

ఈ చేపకి మన దగ్గర ఒక కోట ఉంది. పాడేరు దాటి హుకుంపేట మండలంలో మఠం అనే ఊరి దగ్గర, మాచ్‌ఖండ్ నది మీద, మత్స్యగుండం. ఇప్పుడది అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళింది కాని, దాని కథ మాత్రం మన అనకాపల్లి జిల్లాలోని మాడుగులతో ముడిపడి ఉంది.

1907లో డబ్ల్యు. ఫ్రాన్సిస్ రాసిన విశాఖపట్నం జిల్లా గెజిటీరులో ఈ మడుగు వర్ణన ఉంది. నదికి అడ్డంగా బండరాళ్ళ వరస. నీళ్ళు ఒక పెద్ద బిలంలో పడి ఆ రాళ్ళ కింద మాయమై, కొంత దిగువన మళ్ళీ పైకి వస్తాయి. అలా పైకి వచ్చినచోట మడుగు. ఆ మడుగు నిండా చిన్నా పెద్దా మహశీర్‌లు. పెద్దవి మనిషి చేతిలోంచే మేత అందుకునేవట, వీపు నిమిరినా బెదిరేవి కావట. వాటిని ముట్టుకోవడానికి ఎవరికీ ధైర్యం లేదు. పెరికెద్దుల మీద సరుకు మోసుకుపోయే ఒక బంజారా వర్తకుడు ఒక చేపని పట్టి కూర వండుకున్నాడని, చేపల రాజు శపిస్తే మనిషీ ఎద్దులూ రాళ్ళైపోయారని, ఆ రాళ్ళు ఇప్పటికీ ఉన్నాయని కథ. శివరాత్రికి అక్కడ పండుగ. పూజారి భగత కులం మనిషి. చేపలకి మేత పెట్టడం ఆ పూజలో భాగం. మత్స్యలింగేశ్వరస్వామి పేరిట ఇప్పటికీ శివరాత్రికి అక్కడ జాతర జరుగుతుంది.

ఆ మడుగుని కాపాడింది మాడుగుల జమీందార్లు. వాళ్ళది మత్స్య వంశం. పట్టాభిషేకం చేప ఆకారపు రాతి పీఠం మీద జరిగేది. జెండా మీద చేప, సంతకం బదులు చేప బొమ్మ. ఇది జమీందారీల కాలంలో పుట్టిన మోజు కాదు. శక సంవత్సరం 1191, అంటే 1269 నాటి దిబ్బిడ తామ్రశాసనంలో వడ్డాది రాజ్యమేలిన మత్స్య వంశపు అర్జునుడు తమ వంశ మూలాన్ని మత్స్య నదిలో శాపవశాన చేపైన ఒక అప్సరస దగ్గర మొదలుపెట్టుకున్నాడు. ఆ వడ్డాది బుచ్చెయ్యపేట మండలంలో ఇప్పుడూ ఉంది. చోడవరం, మాడుగుల వైపు వెళ్ళేవాళ్ళకి అలవాటైన ఊరే. ఏడు వందల యాభై ఏళ్ళ కిందట అక్కడి రాజు చేపని అమ్మ అనుకున్నాడు.

భక్తి సంగతి సరే, మత్స్యగుండం పండుగలో నన్ను ఆకట్టుకున్నది దాని వేళ. శివరాత్రి అంటే మాఘమాసం ఆఖరు. ఏరు తీసి, చేపంతా మడుగులోకి చేరుకునే రోజులు. వల కూడా అక్కర్లేదు, చేత్తో దేవుకోవచ్చు. తల్లిచేపకి సంవత్సరం మొత్తంలో అంతకంటే ప్రమాదమైన కాలం లేదు. సరిగ్గా ఆ కాలంలో, ఆ చోట, ఊరంతా కలిసి చేపకి మేత పెట్టే పండుగ పెట్టుకున్నారు. ఆ తల్లులు వానదాకా బతికితే కొన్ని మైళ్ళ నదికి పిల్లలు పుడతాయి. పేరు పూజే అయినా, యాకిమాలో, తీర్థన్‌లో చట్టం రాసి కాపలా పెట్టి సాధిస్తున్నది ఇక్కడ బంజారా ఎద్దుల కథతో సాధించారు. శృంగేరి వెళ్ళిన తెలుగువాళ్ళు ఇలాంటి మడుగు చూసే ఉంటారు. గుడి వెనక తుంగానది మెట్ల దగ్గర బొరుగులు విసిరితే నల్లటి వీపులు ఒకదాని మీదొకటి ఎక్కుతాయి. అవి కూడా మహశీర్‌లే.

ఆ కాపలా లేని చోట ఏమైందో కావేరి చెబుతుంది. 1946లో వాన్ ఇంగెన్ అనే ఆయన కావేరిలో కలిసే కబిని నదిలో 120 పౌన్ల మహశీర్‌ని గాలంతో పట్టాడు. మన లెక్కలో 54 కిలోలు. ఆ కావేరి గూని మహశీర్ ఇప్పుడు అంతరించిపోయే అంచున ఉందని 2018లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం ఎర్రజాబితాలో చేర్చింది. ఆనకట్టలు దారి మూశాయి, నాటుబాంబులు మడుగుల్ని ఖాళీ చేశాయి. 1972లో ఏర్పడిన దక్షిణ భారత వన్యప్రాణి సంఘం కావేరిలో కొంత మేర నదిని కాపాడే పని తలకెత్తుకుంది. గాలం వేసేవాళ్ళు రుసుము కట్టాలి, పట్టిన చేపని వదిలేయాలి. ఆ డబ్బుతో కాపలా పెట్టారు. అంతకుముందు దొంగతనంగా బాంబులు వేసినవాళ్ళే కాపలాదార్లయ్యారు, పుట్టి నడిపి వేటగాళ్ళని తిప్పే గైడ్లయ్యారు. మడుగు లోతూ, చేప నడకా వాళ్ళకంటే ఎవరికి తెలుసు? తర్వాత అభయారణ్యం నిబంధనల వల్ల అక్కడ గాలం వేట ఆగిపోయింది. ఆ ఆపడం మంచిదా కాదా అని ఇప్పటికీ వాదనలున్నాయి. నా మటుకు నాకు, రోజూ ఏటి మీద కళ్ళు పెట్టుకుని తిరిగే నలుగురు మనుషులు ఉండటమే ఏటికి మేలు అనిపిస్తుంది.

ఇప్పుడు మన శారద దగ్గరికి వద్దాం. మాచ్‌ఖండ్ నీళ్ళు మన వైపు రావు. అవి ఒడిశా సరిహద్దు వెంట పోయి సీలేరై, శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరి చేరతాయి. ఆ కొండల తూర్పు వాలున పుట్టిన నీళ్ళు మనవి. బొడ్డేరు, పెద్దేరు, ఎన్నో గెడ్డలు కలిసి శారద అవుతుంది. రైవాడ, కోనాం, పెద్దేరు జలాశయాలు ఈ నీళ్ళ మీదే. విశాఖపట్నం తాగే నీళ్ళలో రైవాడవి కూడా ఉన్నాయి. ఇటు వరాహ మీద కల్యాణపులోవ, నాతవరం దగ్గర తాండవ. ఇన్ని ఏళ్ళున్న జిల్లా మనది. వాటిలో చేప గురించి మాట్లాడుకోవడం మాత్రం బాగా తక్కువ.

వేసవిలో శారద మడుగులో ఏముంటుంది? కొర్రమేను ఉంటుంది. అది నీటి మీదికి వచ్చి గాలి పీల్చుకోగలదు కాబట్టి బురదలోనూ బతుకుతుంది. మట్టగిడసలు, జెల్లలు, బొమ్మిడాయిలు, పరిగెలు, అదృష్టముంటే రాతి సందున ఒక వాలుగ. వెదురు బద్దకి దారం కట్టి, జీలుగు బెండో నెమలి ఈక కాడో తేలేసి, ఎర్ర గుచ్చి, మడుగు ఒడ్డున చెట్టు నీడలో కూర్చునే పిల్లలు మా పల్లెల్లో ఇంకా ఉన్నారు. వాళ్ళ వల్ల ఏటికి ఏ నష్టమూ లేదు. ఒక గాలం ఒకసారి ఒక చేపనే అడుగుతుంది. ఏటి మీద బతికే వలవాళ్ళ వల్ల కూడా ఏరు నాశనం కాలేదు, కన్ను పెద్దదైన వల పిల్లచేపని వదిలేస్తుంది.

నాశనం ఇంకో దారిన వస్తోంది. ఇంజను పెట్టి రాత్రికి రాత్రి మడుగుని అడుగంటా తోడేస్తారు. కరెంటు తీగ నీళ్ళలో వేస్తారు. బ్లీచింగ్ పొడి కలుపుతారు. బాంబు వేస్తారు. బాంబుకి చచ్చిన చేపలో చాలా భాగం మునిగిపోయి ఎవరికీ దక్కదు. పైకి తేలినదాన్ని ఏరుకుని వెళ్ళిపోతారు. గుడ్లూ, పిల్లలూ, రాళ్ళ కింది పురుగులూ అన్నీ పోతాయి. పేలుడుతోనూ విషంతోనూ చేప పట్టడం నేరమని 1897 నాటి భారత మత్స్య చట్టమే చెబుతోంది. ఆ చట్టం పుట్టి నూట పాతికేళ్ళు దాటింది. దీనికి తోడు ఇసుక. మలుపు దగ్గర ఇసుక తవ్విన గోతిలో నీళ్ళు నిలిస్తే అది మడుగైపోదు. అడుగున గులక ఉండదు, ఒడ్డున నీడ ఉండదు, మే నెల ఎండకి ఆ నీళ్ళు కాగిపోతాయి.

జలాశయాల్లో మత్స్యశాఖవాళ్ళు బొచ్చె, శీలావతి, మోసు పిల్లల్ని వదులుతారు. దాని మీద ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి, అది జరగవలసిన పనే. ఆ చేప సంఘాలది, ఆ కూడు వాళ్ళది. కాని లారీలో తెచ్చి వదిలిన పిల్ల ఏటిలో పుట్టిన చేపకి బదులు కాదని మోంటానా లెక్కలు గుర్తు పెట్టుకోవాలి. పైగా ఎక్కడి నుంచో జారిపడ్డ జిలేబి చేప ఇప్పుడు ప్రతి గుంటలోనూ కాపురం పెట్టింది. అది నిండిన మడుగులో మన పరిగెకి మేత కరువే.

సముద్రం మీద మనవాళ్ళు ఒక నియమం పాటిస్తున్నారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలు కదలవు. పూడిమడక వైపు వెళ్ళి ఎవరిని అడిగినా ఆ తేదీలు చెబుతారు. ఆ రెండు నెలలూ ఇల్లు గడవడం కష్టమైనా, చేప గుడ్లు పెట్టే కాలమని ఒప్పుకున్నారు. సముద్రానికి ఒప్పుకున్నవాళ్ళం ఏటికి ఒప్పుకోలేమా? నది మొత్తం అక్కర్లేదు. ప్రతి ఊరూ తన పరిధిలో ఒక్క మడుగు ఎంచుకుని, కొత్త అమావాస్య నుంచి తొలకరి దాకా దానిలో మోటారు దించకుండా, మందు కలపకుండా, వల వేయకుండా చూస్తే చాలు. గ్రామసభలో ఒక తీర్మానం, ఒడ్డున ఒక బోర్డు, వేసవి మూడు నెలలకి ఒక మనిషి కూలి. ఆ కూలి ఏటి మీద బతికే కుటుంబానికే ఇవ్వాలి. మిగతా మడుగుల్లో ఎప్పటిలాగే పట్టుకోవచ్చు.

రైవాడ, కోనాం లాంటి చోట్ల ఇంకో పని కూడా చేయవచ్చని నా ఆశ. చుట్టూ కొండలు, పొద్దున్నే నీటి మీద మంచు. తెప్ప మీద మెల్లగా సాగుతూ, రుసుము కట్టి, గాలంతో పట్టి వదిలే వేటకి విశాఖ నుంచి ఆదివారం వచ్చేవాళ్ళు ఉంటారు. తెప్ప నడిపేది అక్కడి వలమనిషే అవుతాడు. చేపని కిలోల్లెక్కన అమ్ముకునే చేతికి, అదే చేపని చూపించి ఇంకో సంపాదన వస్తుంది. తీర్థన్ లోయలో ట్రౌట్ వేట చుట్టూ ఇళ్ళల్లో అతిథులకి గదులిచ్చి బతికే పల్లెలు ఇప్పటికే ఉన్నాయి. మత్స్యగుండం మాత్రం ఇందులో చేరకూడదు, అక్కడ గాలం మాటే వద్దు.

గాలం వేసే కుర్రాళ్ళకి నాలుగు మాటలు. వదలదలచిన చేపని పొడి చేత్తో పట్టుకోకండి, ఒంటి జిగురు పోయి తెగులు తగులుతుంది. చెయ్యి తడుపుకుని, పొట్ట నొక్కకుండా, నీళ్ళలో ఉంచే కొక్కెం తీయండి. కొక్కెం వెనక ముల్లుని ముందే పట్టకారతో నొక్కేసుకుంటే తీయడం సులువు. చేప నీరసంగా ఉంటే ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి పట్టుకోండి, మొప్పలు ఆడి అదే జారిపోతుంది.

ఇక మృగశిర కార్తె. ఆ రోజు మనింట్లో చేప కూర ఉండాలి. ఆ ఆచారం నాకూ ఇష్టమే. దాని వెనకే తొలి వరద వస్తుంది. ఎర్రనీళ్ళు గెడ్డల్లోంచి దిగగానే, నెలల తరబడి మడుగులో నిలిచిన చేప ఎదురెక్కుతుంది. కాలవల్లోకి, చెరువు కళింగల్లోకి, దమ్ము చేసిన మళ్ళల్లోకి గుడ్లు పెట్టడానికి పోతుంది. ఆ దారిలో మనం మావులు, అంటే అల్లిన చేపబుట్టలు, పెడతాం. కడుపు నిండా గుడ్లున్న చేప బుట్టలకి బుట్టలు పడుతుంది. మావులు పెట్టకండి అని నేను చెప్పను, అది తాతల నాటి తిండి. కాలవకి అడ్డంగా మావు కట్టేటప్పుడు ఒక పక్క మూర వెడల్పు నీటిదారి వదిలేయండి. మొదటి వరద వచ్చిన రెండు మూడు రోజులూ రాత్రిపూట మావు తీసేయండి. చేప ఎక్కువగా కదిలేది రాత్రే. జాజూరు వల కాలవ మొత్తానికి బిగించి కట్టకండి. ఈ జూన్‌లో మీ గెడ్డలో నీళ్ళు దిగిన రోజు ఈ మాట మీ ఇంట్లో ఒకసారి చెప్పండి, మావు అల్లే పెద్దాయనకి కూడా చెప్పండి.